చిన్న ఫైలే మంచి ఫైలా?

ఫెస్ట్ సీజన్ మళ్ళీ దగ్గర పడుతోంది. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్, దాని మీద వీడియోలు, పాటకి తగ్గట్టు మారే గ్రాఫిక్స్ ఇప్పుడు ఏ కాలేజీలో చూసినా మామూలైపోయాయి. మన దగ్గర వాటిని నడిపేది విజువల్స్ టీమ్. రెండేళ్ళుగా ఆ కన్సోల్ దగ్గర కూర్చుంటున్నవాడిగా ఒక మాట చెప్తాను. వాల్ మీద వీడియో కుదుపులతో ఆడితే జనం ముందు ల్యాప్‌టాప్‌ని తిడతారు. ఆ తర్వాత దాని ముందు కూర్చున్నవాణ్ణి తిడతారు. ఫైల్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. నన్నడిగితే ముందు నిలదీయాల్సింది దాన్నే.

సాహితీ క్లబ్ పత్రికలో ఈ కోడెక్‌ల గోలేంటి అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఉగాది కవి సమ్మేళనమైనా, పద్యనాటకమైనా, కూచిపూడి అయినా ఇప్పుడు వెనకాల ఆ వాల్ ఉండాల్సిందే. నెలల తరబడి సాధన చేసినవాళ్ళ పరువు అయిదు నిమిషాల వీడియో చేతిలో ఉంటోంది. పైగా ఈ విషయం మీద ఉన్న సమాచారమంతా ఇంగ్లీషులో, అదీ ఈ రంగంలో ముదిరినవాళ్ళ భాషలో ఉంటుంది. మన మాటల్లో ఒకసారి చెప్పుకుంటే తప్పేముంది?

ముందు ఈ సాఫ్ట్‌వేర్ల సంగతి. టచ్‌డిజైనర్, మ్యాక్స్, ప్యూర్ డేటా, వీవీవీవీ లాంటివాటిలో ప్రోగ్రామ్ అంటే వరసగా రాసిన కోడ్ కాదు. తెర మీద పెట్టెలుంటాయి, వాటిని తీగలతో కలుపుతాం. ఒక పెట్టె వీడియో చదువుతుంది, ఇంకోటి మైక్ నుంచి శబ్దం తీసుకుంటుంది, మరోటి ఆ రెండిటినీ కలిపి రంగు మారుస్తుంది. 1980లలో ప్యారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మిల్లర్ పకెట్ మొదలుపెట్టిన మ్యాక్స్ ఈ దారిలో పాతకాపు. ఆయనే తర్వాత ప్యూర్ డేటాని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే టచ్‌డిజైనర్, టొరంటోలోని డెరివేటివ్ సంస్థది.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. జరిగేదంతా అప్పటికప్పుడే జరగాలి. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో ఫ్రేముకి మనకున్న సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. వీడియో చదవడం, దాన్ని విప్పడం, శబ్దం కొలవడం, ఎఫెక్ట్ వేయడం, వాల్‌కి పంపడం అన్నీ ఆ వ్యవధిలోనే అయిపోవాలి.

అష్టావధానం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య ఇచ్చేవాడు, దత్తపది అడిగేవాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు. ఎవరికీ ఎక్కువసేపు కేటాయించడానికి లేదు. ఒక పృచ్ఛకుడు పావుగంట పట్టుకుని వదలకపోతే మిగతా ఏడుగురూ ఆగిపోతారు, సభ చప్పబడిపోతుంది. మన సాఫ్ట్‌వేర్‌లో అలా పట్టుకుని వదలని పృచ్ఛకుడు చాలాసార్లు వీడియో ఫైలే. దానివల్ల వీడియో ఒక్కటే ఆగితే పర్లేదు. శబ్దానికి స్పందించే గ్రాఫిక్స్, లైట్లకి వెళ్ళే సంకేతాలు కూడా దాంతోపాటే తడబడతాయి.

మరి అదే ఫైల్ ఫోన్లో వెన్నలా ఆడుతుందే? ఈ ప్రశ్న నాకు ఏడాదికి కనీసం పాతికసార్లు ఎదురవుతుంది. దీనికి జవాబు ఎక్కాల్లో ఉంది.

చిన్న పిల్లాణ్ణి "పదమూడు ఎనిమిదులు ఎంత?" అని అడగండి. వాడు టక్కున చెప్పడు. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు అని లోపల్లోపల గొణుక్కుంటూ ఎనిమిది దాకా వచ్చి అప్పుడు నూట నాలుగు అంటాడు. మొదట్నుంచి వరసగా చెప్పమంటే మాత్రం ఆగకుండా గడగడా అప్పజెప్పేస్తాడు. వెనక నుంచి చెప్పమంటే ఇక చూడాలి వాడి అవస్థ.

మనం రోజూ వాడే హెచ్.264 వీడియో అచ్చం ఆ పిల్లాడే. 2003లో వచ్చిన ఈ ప్రమాణం ఫైల్‌ని చిన్నది చేయడంలో గట్టిది. అది ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచదు. అక్కడక్కడ ఒక కీఫ్రేమ్ పూర్తిగా దాచి, తర్వాతి ఫ్రేముల్లో "ముందుదానికీ దీనికీ తేడా ఇదీ" అని మాత్రమే రాసుకుంటుంది. కొన్ని ఫ్రేములైతే వెనకదాన్నీ ముందు రాబోయేదాన్నీ రెండిటినీ చూసి గానీ తేలవు. దాని తర్వాత 2013లో వచ్చిన హెచ్.265 కూడా ఇదే సూత్రాన్ని ఇంకా పిండి వాడుకుంటుంది. సినిమా చూసేటప్పుడు మనం మొదట్నుంచి చివరి దాకా వరసగానే చూస్తాం కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్కం వరసగా సాగిపోతుంది.

స్టేజీ మీద మనం అడిగేది అది కాదు. "ఇప్పుడే రెండో చరణానికి దూకు", "ఈ నాలుగు సెకన్లనే తిప్పి తిప్పి ఆడించు", "డోలు కొట్టినప్పుడల్లా వెనక్కి నడిపించు" అంటాం. ప్రతిసారీ ఆ పిల్లాడు దగ్గర్లోని కీఫ్రేము దాకా వెనక్కెళ్ళి గొణుక్కుంటూ రావాలి. చాలా ఉచిత టూల్స్ లోపల వాడే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో మనం ఏమీ మార్చకపోతే రెండు కీఫ్రేముల మధ్య దూరం 250 ఫ్రేముల దాకా పోతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది 8 సెకన్లకి పైమాటే. సెకనుకు 100 ఫ్రేములు విప్పగల ల్యాప్‌టాప్‌కైనా, కీఫ్రేముకి బాగా దూరంగా ఉన్నచోటికి దూకమంటే రెండు సెకన్లు దాటిపోతుంది. 16.7 మిల్లీసెకన్ల లెక్కలో బతికే సాఫ్ట్‌వేర్‌కి రెండు సెకన్లంటే యుగం.

ఇది కాగితం మీద లెక్క. కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. కిందటేడాది వేరే ఊళ్ళో ఒక కాలేజీ ఫెస్ట్‌కి వెళ్ళాను. దశావతారాల మీద కూచిపూడి అంశం. నట్టువాంగం, పాట అన్నీ లైవ్. పాట లైవ్ కాబట్టి ఏ చరణం ఎంతసేపు సాగుతుందో ముందే తెలీదు. అందుకని కన్సోల్ దగ్గరున్న కుర్రాడు ఒకే పెద్ద వీడియోలో ఏ అవతారానికి తగ్గ చోటికి ఆ అవతారం రాగానే దూకిస్తున్నాడు. మత్స్యం, కూర్మం ఎలాగో గడిచాయి. నరసింహావతారం వచ్చింది. ప్రహ్లాదుడు చెయ్యెత్తి చూపించాడు, మృదంగం ముక్తాయింపు పడింది, ఆ అమ్మాయి ఒక్క ఉదుటున సింహముఖంతో లేచింది. వెనకాల స్తంభం మాత్రం నిక్షేపంగా అలాగే నిలబడి ఉంది! ఆమె ఉగ్రరూపం చూపించి హిరణ్యకశిపుడి మీదకి అడుగు వేశాక, తీరిగ్గా అప్పుడు పగిలింది. ముందు వరసల్లో నవ్వులు. ఆ నవ్వు వినపడి ఆ అమ్మాయి ముఖంలో ఒక్క క్షణం రౌద్రం చెదిరిపోవడం నేను చూశాను.

ఆ ఫైల్ ప్రోగ్రామ్‌కి గంట ముందు చాట్ యాప్‌లో వచ్చిందట. 4కె, సెకనుకు 60 ఫ్రేములు, హెచ్.264. "ల్యాప్‌టాప్ వీక్ అన్నా, గ్రాఫిక్స్ కార్డ్ ఇంకా మంచిది కావాలి" అన్నాడు ఆ కుర్రాడు. మర్నాడు పొద్దున అదే ల్యాప్‌టాప్‌లో అదే వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చి, వాల్‌కి సరిపడే సైజుకి కుదించి ఆడించి చూశాం. బటన్ నొక్కగానే స్తంభం పగిలింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పగిలింది. కొత్త కార్డు కొనే పని లేకుండానే!

ఆ "వేరే ఫార్మాట్" పేరు హ్యాప్. టామ్ బటర్‌వర్త్ అనే ప్రోగ్రామర్, విడ్‌వాక్స్ సంస్థతో కలిసి తయారుచేసిన ఓపెన్ సోర్స్ కోడెక్ ఇది. లైవ్ షోల కోసమే పుట్టింది. దీని వెనకున్న ఉపాయం గేముల నుంచి వచ్చింది. గేముల్లో గోడలకీ నేలకీ అతికించే బొమ్మల్ని గ్రాఫిక్స్ కార్డులు కుదించిన రూపంలోనే దాచుకుంటాయి, చూపించేటప్పుడు అక్కడికక్కడే చదువుకుంటాయి. బొమ్మని 4×4 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి రెండు రంగులు, వాటి మధ్య ఛాయలు రెండు, ఏ పిక్సెల్‌కి ఏది అన్న సూచిక మాత్రమే రాస్తారు. పదహారు పిక్సెళ్ళ గడి మొత్తం 8 బైట్లలో ఇమిడిపోతుంది. హ్యాప్ ప్రతి ఫ్రేమునీ ఇలాగే విడివిడిగా కుదించి, పైన స్నాపీ అనే తేలికపాటి కంప్రెషన్ ఒక పొర వేస్తుంది. సీపీయూ ఆ పై పొర ఒక్కటి విప్పి కార్డుకి అందిస్తే చాలు.

ఎక్కాల భాషలోనే చెప్పాలంటే హ్యాప్ అనేది ఎక్కాల పుస్తకం. పదమూడు ఎనిమిదులు కావాలా? ఆ పేజీ తెరిచి చూసుకో. వెనక నుంచి కావాలా? పేజీలు వెనక్కి తిప్పు. ఎవరూ ఏదీ గొణగక్కర్లేదు.

మరి ఇంత సుఖముంటే అందరూ అదే వాడొచ్చుగా? ఇక్కడే వస్తుంది అసలు బేరం. పుస్తకం బరువు. లెక్క మీరే చూడండి. 1920×1080 ఫ్రేములో పిక్సెళ్ళు 20,73,600. ఒక్కో పిక్సెల్‌కి అర బైటు చొప్పున ఫ్రేము 1 ఎంబీ పైచిలుకు. సెకనుకు 30 ఫ్రేములంటే స్నాపీ పొర లెక్కలోకి తీసుకోకముందు సుమారు 31 ఎంబీ. నిమిషానికి 1.8 జీబీ పైన. అదే వీడియో హెచ్.264లో సెకనుకు 8 మెగాబిట్లతో ఉంటే నిమిషానికి 60 ఎంబీ. ముప్పై రెట్ల తేడా! ఇది చూడగానే మనవాళ్ళ గుండె ఆగిపోతుంది. "అన్నా, ఇదేంటి, ఫైల్ ఉబ్బిపోయింది, ఏదో తప్పు జరిగింది" అని ఫోన్ చేస్తారు.

ఏ తప్పూ జరగలేదు. మనకి ఆ అలవాటు మొబైల్ డేటా నేర్పింది. రోజుకి ఇన్ని జీబీలే అని లెక్కపెట్టుకుంటూ పెరిగిన మన తరానికి చిన్న ఫైలంటే మంచి ఫైలని మనసులో నాటుకుపోయింది. ఫైల్‌ని ఊళ్ళు దాటించాలంటే ఆ మాట నిజమే. స్టేజీ మీద ఫైల్ ఎక్కడికీ ప్రయాణం చేయదు, డిస్క్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి వెళ్తుంది, అంతే. అక్కడ కరువు సీపీయూ సమయానికి. డిస్క్ వేగం మన దగ్గర దండిగా ఉంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది. దండిగా ఉన్నదాన్ని ఖర్చుపెట్టి, కరువున్నదాన్ని దాచుకోవడం ఇంట్లో అమ్మ కూడా చేసే పనే. పాత హార్డ్ డిస్క్ అయితే వేగం 100, 150 ఎంబీల దగ్గరే ఆగిపోతుంది, అదీ ఒకే ఫైల్ వరసగా చదివితేనే. రెండు మూడు వీడియోలు ఒకేసారి చదవమంటే దాని వేగం ఇంకా పడిపోతుంది. యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ మాట ఎత్తకండి. దాని సిద్ధాంత పరిమితే సెకనుకు 60 ఎంబీ. కాబట్టి హ్యాప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా ఆడించి "హ్యాప్ కూడా ఆగింది" అంటే తప్పు హ్యాప్‌ది కాదు.

ఎదురు వాదనలూ ఉన్నాయి. వాటిని దాటేసి పోవడం న్యాయం కాదు.

మొదటిది: "ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుల్లోనే హెచ్.264 విప్పే ప్రత్యేక భాగం ఉంటుంది కదా, మళ్ళీ ఇదంతా ఎందుకు?" నిజమే, ఉంటుంది. ఒకే వీడియో మొదలుపెట్టి చివరి దాకా ఆపకుండా ఆడించాలంటే హెచ్.264 నిక్షేపంగా సరిపోతుంది. ముఖ్య అతిథి పరిచయ వీడియోకి ఎవరైనా హ్యాప్ అడిగితే నేనే వద్దంటాను. కానీ ఆ భాగం వరసగా విప్పడంలో వేగంగా ఉంటుంది తప్ప, మధ్యలోకి దూకమంటే కీఫ్రేము దగ్గర్నుంచి రావాల్సిన పని దానికీ తప్పదు. నాలుగైదు వీడియోలు ఒకేసారి ఇస్తే అవన్నీ ఆ ఒక్క భాగం ముందే క్యూ కడతాయి. ఇంకో సంగతి, చాలా కార్డుల్లో హెచ్.264కి ఆ భాగం 4096 పిక్సెళ్ళ వెడల్పు దాకానే పనిచేస్తుంది. మూడు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి 5760×1080 వీడియో ఇస్తే బరువంతా మళ్ళీ సీపీయూ నెత్తినే పడుతుంది.

రెండోది: "కీఫ్రేములు దగ్గర దగ్గరగా పెట్టి హెచ్.264 చేసుకుంటే పోలా?" పోతుంది, చాలావరకు. కీఫ్రేమ్ దూరం 1 అని పెడితే ప్రతి ఫ్రేమూ పూర్తిగానే ఉంటుంది. దూకడం తేలికవుతుంది. విప్పే శ్రమ మాత్రం హ్యాప్ కంటే చాలా ఎక్కువే. డిస్క్‌లో చోటు నిజంగా లేనప్పుడు ఇది మధ్యే మార్గం. ప్రోరెస్ కూడా ఇలా ఏ ఫ్రేముకి ఆ ఫ్రేమ్ విడిగా ఉండేదే. యాపిల్ 2007లో తెచ్చిన ఈ కోడెక్ ఎడిటింగ్‌కి దివ్యంగా ఉంటుంది, నాణ్యత బాగుంటుంది. మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం దాన్ని విప్పేది సీపీయూ. ఎడిట్ చేసేవాళ్ళ దగ్గర్నుంచి మన దగ్గరికి రావడానికి ప్రోరెస్, అక్కణ్ణుంచి వాల్ ఎక్కడానికి హ్యాప్ అనుకుంటే సరిపోతుంది.

మూడోది, నాకు కాస్త బలంగానే అనిపించేది: "హ్యాప్‌లో రంగులు చెడతాయి." అవును. గడికి నాలుగే ఛాయలుండటం వల్ల సాయంకాలపు ఆకాశం లాంటి మెత్తటి రంగుల మార్పులో చారలు కనిపిస్తాయి. దానికోసమే హ్యాప్ క్యూ అనే రకం ఉంది. వెలుగునీ రంగునీ వేరుచేసి దాస్తుంది కాబట్టి బొమ్మ చాలా మెరుగ్గా వస్తుంది, బరువు మాత్రం రెట్టింపు. వెనకున్నది కనిపించేలా పారదర్శకంగా ఉండాల్సిన వీడియోకి హ్యాప్ ఆల్ఫా ఉంది, అదీ రెట్టింపు బరువే. నాలుగు హ్యాప్ క్యూ వీడియోలు 1080 సైజులో, సెకనుకు 30 ఫ్రేములతో ఒకేసారి ఆడించినా సెకనుకు 250 ఎంబీ లోపే. ఎస్‌ఎస్‌డీకి అది బరువు కాదు.

ఫార్మాట్ కంటే ముందు ఆలోచించాల్సింది ఇంకోటుంది. సైజు. మన ఫెస్టులకి అద్దెకొచ్చే ఎల్‌ఈడీ ప్యానెళ్ళలో తరచూ కనిపించే పీ3.91 రకం తీసుకోండి. అరమీటరు చదరపు ప్యానెల్‌లో 128×128 పిక్సెళ్ళు. 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు వాల్ అంటే 12 ప్యానెళ్ళు అడ్డంగా, 6 నిలువుగా. మొత్తం 1536×768 పిక్సెళ్ళు. అంతే! దానికి 4కె ఫైల్ ఇస్తే ఉన్న చుక్కల కంటే ఏడు రెట్లు ఎక్కువ చుక్కల్ని ప్రతి ఫ్రేములోనూ విప్పి, ఆరు వంతులు పారబోస్తున్నాం. అద్దెకిచ్చేవాళ్ళని "అన్నా, వాల్ మొత్తం ఎన్ని పిక్సెళ్ళు?" అని ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే విషయమిది. టచ్‌డిజైనర్ ఉచిత లైసెన్సులో అయితే బొమ్మ 1280×1280 దాటనే దాటదు. దానిలోకి 4కె పంపడం చెంబులో చెరువు పోయడమే.

మన క్లబ్‌కి సూటిగా తగిలే సంగతి తెలుగు అక్షరం. వీడియోలో పద్యం రాసి చూపిస్తాం. మన లిపిలో తలకట్టు, గుడి, వత్తు అన్నీ సన్నటి ఒంపులే. మామూలు హెచ్.264లో రంగు సమాచారం నిలువునా అడ్డంగా సగానికి తగ్గించి దాస్తారు, అంటే నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు. నలుపు మీద తెలుపు అక్షరాలు ఫర్వాలేదు గానీ, నీలం మీద ఎరుపు పెడితే వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి "క్ష" ఏదో "క్క" ఏదో తెలీకుండా పోతుంది. మామూలు హ్యాప్‌లోనూ గడి అంచుల దగ్గర అక్షరం చెదురుతుంది. నా సలహా, అక్షరాల్ని వీడియోలోనే పెట్టొద్దు. విడిగా పారదర్శకమైన పీఎన్‌జీ బొమ్మగా తయారుచేసి సాఫ్ట్‌వేర్‌లో వీడియో పైన వేయండి. కదలకుండా ఉండే పద్యానికి ఒక్క బొమ్మ చాలు. అచ్చుతప్పు కనబడితే ఆ బొమ్మ ఒక్కటే మార్చుకోవచ్చు, వీడియో అంతా మళ్ళీ రెండర్ చేయక్కర్లేదు.

ఇంకో చిన్న గందరగోళం కూడా తీర్చేస్తాను. "ఎంపీ4 పంపాలా, ఎంఓవీ పంపాలా?" అని అడుగుతుంటారు. మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది కదా, ఇదీ అంతే. ఎంపీ4, ఎంఓవీ సీసాల పేర్లు. లోపల హెచ్.264 ఉందా, ప్రోరెస్ ఉందా, హ్యాప్ ఉందా అన్నది అసలు విషయం. ఎంపీ4ని పేరు మార్చి ఎంఓవీ అని పెట్టినంత మాత్రాన పప్పు హార్లిక్స్ అయిపోదు.

ఇన్ని తెలిసీ మన ఫెస్టుల్లో ప్రతి ఏడూ అదే కథ ఎందుకు జరుగుతుంది? ఫార్మాట్ అనేది టెక్నికల్ టీమ్ గొడవ అని అందరం అనుకుంటాం కాబట్టి. డ్యాన్స్ టీమ్ పాట ఎంపిక చేసుకోవడానికి నెల, బట్టలకి రెండు వారాలు కేటాయిస్తుంది. వీడియో మాత్రం చివరి రోజు ఫోన్‌లో ఎడిట్ చేసి చాట్‌లో పంపుతుంది. ఆ యాప్ దాన్ని ఇంకోసారి కుదిస్తుంది. అలా పోయిన నాణ్యత తర్వాత హ్యాప్‌లోకి మార్చినా తిరిగి రాదు. ఫోన్‌లో తీసిన వీడియోల్లో ఇంకో చిక్కు, వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మారిపోతూ ఉంటుంది. దాన్ని ఒకే వేగానికి తేకుండా ఆడిస్తే పాటకీ బొమ్మకీ పొత్తు కుదరదు. వేగం ఎంచుకునేటప్పుడు కూడా 30 గానీ 60 గానీ మంచిది. 60 సార్లు మారే తెర మీద 25 ఫ్రేముల వీడియో ఆడిస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు కనబడుతుంది. మెల్లగా పక్కకి జరిగే గోపురం బొమ్మలో ఆ కుదుపు ఇట్టే తెలిసిపోతుంది.

దీనికి ఇంకో చేదు కోణం ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా "ల్యాప్‌టాప్ మార్చాలి" అనేస్తాం. ఆ మాట విన్న జూనియర్ ఇంటికెళ్ళి నాన్నని ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతాడు. ఫైల్ మార్చితే పోయేదానికి ఇంట్లో అప్పు చేయించడం నాకు నచ్చదు. ఇంజినీరింగ్ అంటే ఉన్న వనరుల్లో ఏది కొరత, ఏది మిగులు అని చూసి సర్దుకోవడమేనని సార్లు క్లాసులో చెప్తారు. ఆ పాఠం ఆడిటోరియం గుమ్మం దగ్గర వదిలేసి రాకూడదు.

అందుకే ఈసారి ఫెస్ట్ సర్క్యులర్‌లో పాట నిడివి, టీమ్‌లో ఎంతమంది అన్నవాటి పక్కన ఈ అయిదు వాక్యాలు కూడా చేర్చాలని కమిటీని అడుగుతున్నాను.

1. వాల్ పిక్సెళ్ళ కొలత రిజిస్ట్రేషన్ నాడే టీములకి చెప్తాం. వీడియో ఆ కొలతలోనే చేయాలి. పొడవు, వెడల్పు రెండూ 4తో భాగించబడాలి.

2. మధ్యలో దూకడం, తిప్పి తిప్పి ఆడించడం, ఒకదాని మీద ఒకటి వేయడం ఉంటే హ్యాప్ గానీ హ్యాప్ క్యూ గానీ. మొదట్నుంచి చివరి దాకా ఒకటే వీడియో అయితే హెచ్.264 చాలు.

3. సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు, మధ్యలో మారకుండా. పాట విడిగా వేవ్ ఫైల్.

4. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీసిన ఫైల్ డ్రైవ్‌లో గానీ డిస్క్‌లో గానీ ఇవ్వాలి. చాట్‌లో వీడియోగా పంపింది తీసుకోం.

5. మూడు రోజుల ముందు షో ల్యాప్‌టాప్‌లోనే, దాని ఎస్‌ఎస్‌డీ నుంచే, చార్జర్ పెట్టి, మొత్తం ప్రోగ్రామ్ ఒకసారి ఆడించి చూడాలి. విడిగా ఒక్క వీడియో ఆడితే పరీక్ష అయినట్టు కాదు.

మార్చడం చేతకాదనుకునే టీములకి భయం అక్కర్లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్క వాక్యపు ఆదేశంతో హ్యాప్‌లోకి మార్చేస్తుంది. మా టీమ్ ల్యాబ్‌లో రెండు సాయంత్రాలు కూర్చుంటుంది, ఫైల్ పట్టుకుని వస్తే మేమే మార్చి పెడతాం. మూడు రోజుల ముందు రండి. మూడు గంటల ముందు మాత్రం రాకండి.

ఈ ఏడు మన కాలేజీలోనూ నరసింహావతారం అంశం ఉందని విన్నాను. ఆ టీమ్ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ వీడియో ఫైల్ ఎలా ఉందో ఇవాళే ఒకసారి చూసుకోండి.